అడుగుజాడలు చెప్పే మాట



తాలూకా ఆఫీసు వాకిట్లో టీకొట్టు పెట్టుకున్న మనిషికి, లోపల కూర్చున్న ఆఫీసరుగారికి తెలియని సంగతి ఒకటి తెలుస్తుంది. రోజుకు నలభైమంది అతని దగ్గరకొచ్చి, “అయ్యా, ఈ కాగితం మీద సంతకం ఏ గదిలో పెడతారు?” అని అడుగుతారు. గోడమీద బోర్డు లేకపోలేదు. కాని బోర్డు ఉన్నచోట జనం నిలబడరు, జనం నిలబడేచోట బోర్డు లేదు. ఆఫీసరుగారు ఒక్కరోజు ఆ టీకొట్టు దగ్గర కూర్చుని వింటే చాలు, బోర్డును ఎక్కడికి మార్చాలో ఆయనకే బోధపడుతుంది.

ఈ రోజుల్లో ఆఫీసు చాలావరకు వెబ్‌సైటులోకి వెళ్ళిపోయింది. సర్టిఫికెట్టు కావాలన్నా, పరీక్ష ఫలితం చూడాలన్నా, స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెట్టాలన్నా ముందు ఫోను తెరుస్తున్నాం. మరి వెబ్‌సైటు వాకిట్లో టీకొట్టు ఏది? అక్కడ దారి తప్పినవాడు ఎవరినీ అడగడు. రెండుసార్లు అటూ ఇటూ నొక్కి చూసి, “ఇది మనవల్ల కాదులే” అని ఫోను మూసేస్తాడు. మర్నాడు కూలి మానుకుని బస్సెక్కుతాడు. ఆ మనిషి వచ్చిన సంగతి, విసిగి వెళ్ళిపోయిన సంగతి సైటు నడిపేవారికి ఎలా తెలుస్తుంది? తెలుసుకునే మార్గం ఉంది. సైటులోకి వచ్చినవారి అడుగుజాడలు నమోదవుతాయి. వాటిని చదివి సైటును బాగుచేసే పద్ధతిని గురించే ఈనాటి ప్రసంగం.

మాట కొత్తదైనా ఆలోచన కొత్తది కాదు. దాని మూలం మన చెన్నపట్నంలోనే కనిపిస్తుంది. ప్రెసిడెన్సీ కళాశాలలో లెక్కలు చెప్పే శియాళి రామామృత రంగనాథన్‌గారు 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయ్యారు. లండన్ వెళ్ళి గ్రంథాలయ శాస్త్రం చదివి, 1925లో తిరిగివచ్చారు. ఆయన రాసిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాల పుస్తకాన్ని మద్రాసు గ్రంథాలయ సంఘం 1931లో ప్రచురించింది. ఆ అయిదింటిలో నాలుగో సూత్రం సారాంశం ఏమిటంటే, పాఠకుడి కాలాన్ని ఆదా చెయ్యాలి.

కాలం ఎక్కడ వృథా అవుతోందో కనిపెట్టడానికి ఆయన చెప్పిన ఉపాయం చూడండి. పాఠకుడు గుమ్మంలో అడుగుపెట్టినప్పటినుంచి బయటికి వెళ్ళేవరకు అతని వెంట నడిచి, ఒక్కొక్క దశనూ పరీక్షించమన్నారు. ఆనాటి చాలా గ్రంథాలయాల్లో పుస్తకాలు మూసిన గదుల్లో ఉండేవి. పాఠకుడు పట్టిక చూసి, చీటీ రాసి ఇచ్చి, బంట్రోతు పుస్తకం తెచ్చేదాకా కాచుకోవాలి. తెచ్చిన పుస్తకం తనకు పనికిరాదని తేలితే మళ్ళీ చీటీ, మళ్ళీ ఎదురుచూపు. ఒక్కొక్కరికి పోయేది కొద్ది నిమిషాలే కావచ్చు. వచ్చినవారందరివీ కలిపి చూడండి, ఎంత కాలం! అందుకే బీరువాలు తెరిచిపెట్టండి, పాఠకుడే వెళ్ళి చూసుకుంటాడు అని ఆయన వాదించారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. పాఠకుడికి వెతకడం చేతకాదని ఆయన అనలేదు. అతను ఎక్కడ ఆగిపోయాడో చూసి, అక్కడ గ్రంథాలయాన్ని మార్చమన్నారు. బడిలో పనిచేసే మాకూ ఇది తెలిసిన న్యాయమే. నలభైమంది పిల్లల్లో ఒకడు లెక్క తప్పితే వాడి నోటుపుస్తకం చూస్తాం. ముప్పైమంది ఒకే మెట్టు దగ్గర తప్పితే, ఆ పాఠాన్ని ఇంకోరకంగా చెప్పాలన్నమాట. వెబ్‌సైటుకూ ఇదే న్యాయం వర్తిస్తుంది.

సరే, అడుగుజాడలు ఎలా పడతాయో చూద్దాం. వెబ్‌సైటును తనలో ఉంచుకుని, అడిగినవారికి పేజీలు అందించే కంప్యూటరును సర్వర్ అంటారు. మీరు ఫోనులో ఒక పేజీ తెరిచినప్పుడల్లా సర్వర్ తన రిజిస్టరులో ఒక వరుస రాసుకుంటుంది. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ నెట్ చిరునామానుంచి, ఏ పేజీ అడిగారు, చాలాసార్లు అంతకుముందు ఏ పేజీలో ఉన్నారు అన్నవి అందులో ఉంటాయి. దీన్ని లాగ్ అంటారు. మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ సంచార్ నిగమ్ సామాన్యులకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టిన నాటికే ఇలాంటి రిజిస్టర్లు ఉన్నాయి.

తరువాత రెండో పద్ధతి వచ్చింది. ప్రతి పేజీలోనూ కంటికి కనబడని చిన్న ప్రోగ్రాము ముక్క ఒకటి పెడతారు. మీరు ఏ బటన్ నొక్కారు, పేజీని ఎంతవరకు కిందికి జరిపారు, ఫోనులో చూశారా కంప్యూటరులోనా అన్న వివరాలు అది పంపుతుంది. గూగుల్ సంస్థ 2005లో అర్చిన్ అనే కంపెనీని కొని, అదే ఏడాది నవంబరులో గూగుల్ అనలిటిక్స్ పేరుతో ఈ సదుపాయాన్ని ఉచితంగా ఇచ్చింది. దాంతో చిన్న సైట్లవారికి కూడా ఇది అందుబాటులోకి వచ్చింది. మాటోమో అనే ఇంకొకదాన్ని ఎవరైనా తమ సొంత సర్వర్‌లోనే నడుపుకోవచ్చు. అంతకుముందు అడ్వెంట్‌నెట్ పేరుతో ఉండి, 2009లో పేరు మార్చుకున్న మన చెన్నై జోహో సంస్థ కూడా పేజ్‌సెన్స్ అనే సాధనాన్ని తయారుచేసింది. పేజీలో జనం ఎక్కువగా నొక్కినచోటును ఎర్రగా, తక్కువగా నొక్కినచోటును చల్లని రంగులో పటంలాగా చూపించడం ఇలాంటి సాధనాల పనుల్లో ఒకటి.

సాధనం ఏదైనా, అడగవలసిన ప్రశ్నలు నాలుగే. వచ్చినవారు ఏ గుమ్మంలోనుంచి వచ్చారు? లోపలికొచ్చి ఎటు తిరిగారు? ఎక్కడ వెనక్కి మళ్ళారు? ఎక్కడినుంచి బయటికి వెళ్ళిపోయారు?

ఒక ఉదాహరణ చెబుతాను. అంకెలు కల్పించినవే, ఏ సైటువీ కావు. దరఖాస్తులు తీసుకునే ఒక సైటు ఉందనుకోండి. దరఖాస్తులో అయిదు మెట్లు. మొదటి మెట్టు 100 మంది ఎక్కారు. రెండో మెట్టుకు 92 మంది, మూడో మెట్టుకు 88 మంది చేరారు. నాలుగో మెట్టుకు చేరినవారు 31 మందే. చివరి మెట్టుదాకా 29 మంది వెళ్ళారు. ఇక వేరే పరిశోధన అక్కర్లేదు, మూడో మెట్టు దగ్గర ఏదో గొయ్యి ఉంది. తెరిచి చూస్తే అక్కడ ఫోటో పెట్టమని ఉంది. ఫోటో 50 కిలోబైట్లు మించరాదట. ఫోనుతో తీసిన ఫోటో దానికి ఎన్నో రెట్లు పెద్దది. దాన్ని చిన్నది చేసుకోవడం ఎలాగో ఆ పేజీలో చెప్పలేదు. జనం అక్కడ ఆగిపోక ఏం చేస్తారు? విరుగుడు కూడా సులువే. ఫోటోను సైటే చిన్నది చేసుకునే ఏర్పాటు పెట్టాలి. అది కుదరకపోతే, ఏయే కాగితాలు ఏ కొలతలో సిద్ధం చేసుకోవాలో మొదటి మెట్టులోనే చెప్పాలి. ఇలా మెట్టుమెట్టుకూ ఎంతమంది తగ్గుతున్నారో చూసే పద్ధతిని ఫనెల్ అంటారు. నూనె పోసే గరాటు పైన వెడల్పు, కింద సన్నం, చూశారుగా? అలాంటిదే ఇది.

ఇప్పుడు మన సరిహద్దు ప్రాంతాలవారికి బాగా పట్టే సంగతికి వస్తాను. సైటులో వెతుకుడు పెట్టె ఒకటి ఉంటుంది. అందులో జనం ఏ మాటలు రాశారో కూడా నమోదవుతుంది. మాట రాశారు, ఫలితం సున్నా వచ్చింది అన్న పట్టిక ఒకటి తీయవచ్చు. నన్నడిగితే, అడుగుజాడలన్నిటిలోకీ విలువైనది ఆ సున్నాల పట్టికే. ఎందుకంటే అందులో జనం తమ నోటితో తమ అవసరం చెప్పుకుంటున్నారు, సైటుకు ఆ మాట అర్థం కావడం లేదు.

మనకు ఈ చిక్కు మరీ ఎక్కువ. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోకి, సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. పటం మీద గీత మారింది గాని పెళ్ళిసంబంధాలు మారలేదు, నోటి మాట మారలేదు. నగరిలో పుట్టి తిరుత్తణిలో కాపురముంటున్నవారు, ఊత్తుకోటలో చదివి సత్యవేడులో భూమి ఉన్నవారు, సూళ్ళూరుపేటనుంచి రైలెక్కి చెన్నైలో పనిచేసేవారు మనలో ఎందరో ఉన్నారు. వీరికి ఒకే కాగితానికి రెండు పేర్లు.

చూడండి. ఆంధ్రలో మనం ‘కుల ధ్రువీకరణ పత్రం’ లేదా ‘కాస్ట్ సర్టిఫికెట్’ అంటాం. తమిళనాడులో దానికి ‘కమ్యూనిటీ సర్టిఫికెట్’ అని పేరు. పదో తరగతి పాసైన పిల్లవాడు ఆంధ్రలో ‘మార్కుల మెమో’ అడుగుతాడు, తమిళనాడులో ‘మార్క్ షీట్’ అడుగుతాడు. భూమి కాగితమంటే ఆంధ్ర రైతుకు పట్టాదారు పాసుపుస్తకం, అడంగలు, 1-బి గుర్తుకొస్తాయి. తమిళనాడు రైతుకు పట్టా, చిట్టా గుర్తుకొస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో మండలాలు ఏర్పడ్డాయి, తమిళనాడులో తాలూకాలే ఉన్నాయి. ఒకవైపు వి.ఆర్.ఓ., ఇంకొకవైపు వి.ఏ.ఓ. కోడలిగా వచ్చిన అమ్మాయి పుట్టింటి మాటతో మెట్టినింటి సైటులో వెతికితే, ఎదురుగా ఉన్న కాగితం కూడా లేదనే జవాబు రావచ్చు. పాపం, ఆమె నిజంగా లేదనే అనుకుంటుంది.

దీనికితోడు రాత చిక్కు. ‘సర్టిఫికెట్’ అని ఒకరు రాస్తే, ‘సర్టిఫికేట్’ అని ఒకరు, ‘సర్టిఫికెట్టు’ అని ఇంకొకరు రాస్తారు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేవారు మరికొందరు. మనిషికి ఇవన్నీ ఒకటే. నేర్పకపోతే యంత్రానికి నాలుగూ నాలుగు మాటలు. సున్నాల పట్టికను నెలకొకసారి తిరగేసి, ‘మెమో అన్నా మార్క్ షీట్ అన్నా ఈ పేజీయే చూపించు’ అని సైటుకు ఒక పర్యాయపదాల జాబితా ఇస్తే సరిపోతుంది. ఖర్చు తక్కువ, ఫలం ఎక్కువ. రెండు భాషల మధ్య పెరిగినవారు ఎవరైనా ఒక పూటలో ఆ జాబితా తయారుచెయ్యగలరు.

అయితే శ్రోతలారా, అంకెలను గుడ్డిగా నమ్మకూడదు. ఇక్కడ మూడు జాగ్రత్తలు చెప్పాలి.

మొదటిది. ఒకే పేజీ చూసి వెళ్ళిపోయినవాడు విసిగి వెళ్ళాడని అనుకోనక్కర్లేదు. బడి ఫోను నంబరు కోసం వచ్చాడు, దొరికింది, వెళ్ళిపోయాడు. అది జయమే. అలాగే ఒక పేజీలో పది నిమిషాలున్నవాడు ఇష్టంగా చదివాడో, ఏమీ అర్థంకాక తల పట్టుకున్నాడో గడియారం చెప్పలేదు. ఆ పేజీ ఏ పనికోసం పెట్టామో ముందు నిర్ణయించుకుంటేనే అంకెకు అర్థం వస్తుంది.

రెండోది. అంకెలు లెక్కపెట్టేది మనుషులను కాదు, యంత్రాలను. ఇంట్లో ఒకే ఫోనును నలుగురు వాడితే ఒకరుగానే లెక్క. ఒకే అమ్మాయి పొద్దున ఫోనులోను, సాయంత్రం నెట్ సెంటరులోను చూస్తే ఇద్దరుగా లెక్క. పైగా జూన్ నెలలో అడ్మిషన్ల రద్దీ ఉంటుంది. మే నెలలో సైటు మార్చి, జూన్‌లో జనం పెరిగారని చంకలు గుద్దుకుంటే ఎలా? ఈ జూన్‌ను పోయిన జూన్‌తో పోల్చాలి. లేదా వచ్చినవారిలో సగంమందికి పాత పేజీ, సగంమందికి కొత్త పేజీ ఒకే రోజుల్లో చూపించి పోల్చాలి.

మూడోది, ముఖ్యమైనది. అడుగుజాడ ఎక్కడ ఆగిందో చెబుతుంది, ఎందుకు ఆగిందో చెప్పదు. ఎందుకో తెలియాలంటే మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవాలి. “అమ్మా, ఈ సైటులో నీ కొడుకు స్కాలర్‌షిప్పు దరఖాస్తు తెరువు” అని ఫోను ఆమె చేతికిచ్చి, మనం నోరు మూసుకుని చూడాలి. నోరు మూసుకోవడమే ఇందులో కష్టమైన పని, ముఖ్యంగా మా పంతుళ్ళకు. ఆమె ఎక్కడ తడబడింది, ఏ మాట దగ్గర ఆగింది, ఏ బటన్‌ను బటన్ అనుకోలేదు అన్నవి రాసుకోవాలి. వెబ్‌సైట్ల వాడుకపై చాలాకాలం పనిచేసిన జాకబ్ నీల్సన్ 2000లో ఒక సూచన చేశారు. ఒక్కొక్క విడతకు అయిదుగురితో చూస్తే చాలు, పెద్ద లోపాల్లో ఎక్కువ భాగం బయటపడతాయి, సరిచేసి మళ్ళీ అయిదుగురితో చూడండి అన్నారు. ఆ అయిదుగురూ ఆఫీసులో పనిచేసేవారే అయితే లాభం లేదు. కళ్ళజోడు వాడే పెద్దాయన, చిన్న ఫోను ఉన్న కూలీ, తెలుగు మాత్రమే చదవగల ఇల్లాలు, తమిళ మీడియంలో చదివిన కుర్రవాడు, ఇలా ఉండాలి.

ఇక మర్యాద సంగతి. ఒకరి అడుగుజాడలు చూస్తున్నామంటే వారి ఇంటి కిటికీ దగ్గర నిలబడినట్టే. ఎంతవరకు చూడవచ్చు? దారి బాగుచెయ్యడానికి ఎందరు ఎటు వెళ్ళారన్నది కావాలి గాని, వెళ్ళినవారి పేరు, ఊరు, కులం అక్కర్లేదు. దరఖాస్తులో టైపు చేసే ఆధార్ నంబరు, రోగం వివరం, బ్యాంకు ఖాతా ఈ నమోదులోకి పొరపాటున కూడా రాకుండా చూడాలి. అక్కర తీరిన రికార్డును చెరిపేయాలి. మన పార్లమెంటు 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. సమాచారం దేనికోసం తీసుకుంటున్నామో తెలిపి, సమ్మతి పొందాలన్నది దాని ప్రధాన సూత్రం. 18 ఏళ్ళు నిండని పిల్లల ప్రవర్తనను వెంబడించి గమనించరాదని, కొన్ని మినహాయింపులతో, అందులో నిబంధన ఉంది. బడులకు సైట్లు నడిపేవారు ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి.

మీ ఊరి బడికో, సహకార సంఘానికో, గ్రంథాలయానికో చిన్న సైటు ఉందనుకోండి. పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ముందుగా, జనం ఈ సైటుకు వచ్చేది ఏ మూడు పనులకో కాగితం మీద రాసుకోండి. ఒక నెలపాటు ఆ మూడు పనుల దారిని గమనించండి. ఎక్కువమంది వెనక్కి మళ్ళిన చోటు ఒకటి పట్టుకోండి. సున్నాల పట్టిక చదవండి. అయిదుగురిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. అప్పుడు ఒకే ఒక్క మార్పు చెయ్యండి. ఒకేసారి పది మార్పులు చేస్తే ఏ మందుకు జ్వరం తగ్గిందో తెలియదు. మళ్ళీ ఒక నెల చూడండి. మేలు కనబడితే ఉంచండి, లేకపోతే తీసేయండి.

సైటు వాడే మనకూ ఒక బాధ్యత ఉంది. దారి దొరకనప్పుడు మౌనంగా ఫోను మూసేయకండి. “ఈ పేజీ ఉపయోగపడిందా?” అని అడుగున ఒక ప్రశ్న కనిపిస్తే, లేదని నొక్కి, మీ మాటల్లో, మీకు వచ్చిన భాషలో, ఏది దొరకలేదో రెండు ముక్కలు రాయండి. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే వారిచేత రాయించండి. ‘మెమో కోసం వెతికాను, దొరకలేదు’ అన్న ఒక్క వాక్యం, అవతల వినే చెవి ఉంటే, మీ తరువాత వచ్చే వందమందికి దారి వేస్తుంది.

రంగనాథన్‌గారు పాఠకుడి వెంట నడిచి చూడమన్నారు. ఈనాడు ఆ నడక యంత్రం నడుస్తోంది. కాని దారి తప్పినవాడిది తప్పు కాదని ఒప్పుకునే మనసు మాత్రం యంత్రం ఇవ్వలేదు. అది సైటు నడిపేవారికి ఉండాలి. అది ఉంటే, సరిహద్దుకు ఇటువైపు మాట అయినా అటువైపు మాట అయినా, మన కాగితం మన చేతికి ఒక పూటలో వస్తుంది. ఒక రోజు కూలి మిగులుతుంది.